మూడు దేశాలకు పాడిన పిల్ల

దేశాలకు దేశాలు పాటల పోటీ పెట్టుకుంటాయని మొదటిసారి విన్న రోజు మా బాపు నమ్మలేదు. అప్పుడే గొర్ల మందను దొడ్డికి తోలి వచ్చి, గొంగడి దులుపుకుంటూ పక్కింటి చాచా ముందు నిలబడ్డాడు. "దేశాలంటే యుద్ధం జేస్తయి, కాకుంటే క్రికెట్ ఆడుతయి. పాటలేంది? ఆళ్లకు వేరే పని లేదా?" అన్నాడు. చాచా రేడియో ముల్లు తిప్పుతూ, "కడుపు నిండినోళ్లు మామా, ఏమన్న జేస్తరు" అన్నాడు.

చాచా గల్ఫ్‌లో కొన్నేళ్లు కరెంటు పని చేసి ఎనభైల నడుమ ఊరికి తిరిగొచ్చాడు. అక్కడికి పోయినవాళ్లంతా బంగారం తెస్తే ఈయన రేడియో కూడా పలికే సందుగంత టేప్ రికార్డర్ తెచ్చాడు. ఆ సంగతి చాచీ ఏనాడూ మరిచిపోలేదు, ఆయన్ను మరిచిపోనివ్వలేదు. మా రెండిళ్లకు నడుమ నడుమెత్తు గోడ ఒక్కటే. పొద్దుగూకినంక ఆయన ఆ పెట్టెను గోడ మీద పెట్టి, యూరప్ నుంచి ఉర్దూలో వచ్చే స్టేషన్ పట్టేవాడు. వారానికొకసారి అందులో అక్కడి పాటలు వేసేవారు. మాకు ఉర్దూ సగం సగమే వచ్చు. చాచా ఒక్కో ముక్కా తెలుగులో చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతు మార్చి, ఆ దేశాలకు తానే రాజదూత అయినట్టు చెప్పేవాడు.

అట్లా ఒకరోజు ఒక ఫ్రాన్సు పిల్ల పాట వచ్చింది. అక్క అప్పుడు అరుగు మీద కూర్చొని ఉన్ని వడుకుతోంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అవ్వ, బాపు, అక్క, నేను, అంతే మా ఇల్లు. ఉన్ని వడకడం అక్క పని, పక్కన కూర్చొని వంకలు పెట్టడం నా పని. పాట మొదలైన కాసేపటికి అక్క చేతిలో కదురు ఆగిపోయింది. పాట అయిపోయినా తిరగలేదు. "చాచా, ఆమె ఏడుస్తాందా, నవ్వుతాందా?" అని అడిగింది. చాచాకు ఫ్రెంచి ముక్క రాదు, అయినా తడుముకోకుండా, "రెండూ బిడ్డా" అన్నాడు.

నాకైతే ఆ పాట నచ్చలేదు. గొంతులో జొన్న గింజ ఇరుక్కున్నట్టు పాడుతోంది అన్నాను. అక్క నా నెత్తిన ఒక్కటి మొట్టింది. మా అక్క గొంతు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంటుంది. ఒక్కసారి వింటే చాలు, బాణీ పట్టేసేది. రెండో రోజుకే ఆ ఫ్రాన్సు బాణీలో గొర్ల మీద, వాన మీద మాటలు కట్టి పాడుతోంది. చాచా గోడ మీంచి తొంగి చూసి, "వహ్వా" అన్నాడు.

ఆ పిల్ల సంగతులు ఒక్కొక్కటే రేడియోలో తెలిశాయి. అక్కడ ప్రతి దేశం ఏటా ఒక పాటగాడినో పాటగత్తెనో ఎన్నుకొని పోటీకి పంపుతుందట. అన్ని దేశాల పెద్దలు మార్కులు వేస్తారట. ఎవరి పాటకు వాళ్లు మార్కులు వేసుకోకూడదట. ఇదంతా విని మా అవ్వ, "గిది మన జాతర లెక్కనే ఉన్నది గదరా" అని తేల్చేసింది.

అవ్వ అన్నదాంట్లో తప్పేం లేదు. మాది నల్లగొండ జిల్లా చివరి ఊరు. మా చెలకలు దాటితే పాలమూరు జిల్లా. ఆ పొలిమేరలో ఏటా ఎల్లమ్మ జాతర జరుగుతుంది. జాతరకు ముందు చుట్టుపక్కల ఊళ్ల నడుమ పాటల పందెం. ఒక్కో విడతలో రెండూళ్ల ఆడవాళ్లు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడతారు. ఒక వరుస పాటలో ప్రశ్న వేస్తే ఎదుటి వరుస అదే బాణీలో జవాబు చెప్పాలి. చెప్పలేని ఊరు ఓడినట్టు. చివరికి నిలిచిన ఊరి బోనం అమ్మవారి ముందుకు అందరికన్నా ముందు పోతుంది. ఆ ముందు నడక కోసం మా ఊళ్ల మగవాళ్లు ఏడాదంతా మాట్లాడుకునేవారు, పాడేది మాత్రం మేము.

వరుసలో ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పెండ్లి కాని పిల్ల తల్లిగారి ఊరి వరుసలో నిలబడుతుంది. పెండ్లయిన పిల్ల అత్తగారి ఊరి వరుసలో నిలబడుతుంది. పెండ్లయినదే మళ్లీ తల్లిగారి వరుసలో కనబడిందంటే ఇంక ఆ కాపురం లేనట్టే. దానికి పంచాయితీ వద్దు, డప్పు చాటింపు వద్దు, జాతరంతా చూస్తుంది. "పొయ్యి యాడ ముట్టిస్తే పాట ఆడిదే" అనేది అవ్వ.

ఫ్రాన్సు పిల్లను మొదటి ఏడు ఆమె దేశమే ఎన్నుకోలేదు. ఇంకెవరినో పంపారు. ఆ రోజు అక్కకు అన్నం సహించలేదు. "ఇంట్లనే ఓడగొడితే ఇంక బయట ఏం పాడుతది?" అంటూ పళ్లెం పక్కకు జరిపింది. ఆమె పళ్లెంలోది కూడా నేనే తినేశాను.

ఆ ఎండాకాలమే అక్క పెండ్లయింది. పాలమూరు వైపు, జడ్చర్ల పోయే బస్సు ఎక్కి నడుమలోనే దిగాల్సిన ఊరు. మరుసటి జాతరలో అక్క అత్తగారి ఊరి వరుసలో, నేను మా ఊరి వరుసలో, ఎదురెదురుగా నిలబడ్డాం. నా ముఖం చూస్తూనే ఒక ప్రశ్న విసిరింది. మా వరుసలో ఒక్కరికీ నోరు పెగలలేదు. వాళ్ల బోనం ముందు లేచింది. ఓడింది మా ఊరు, అయినా మా బాపు మీసం దువ్వుకుంటూ కనబడ్డవాడికల్లా, "గెల్సింది ఎవలనుకున్నవ్? నా బిడ్డ" అని చెప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకే చాచా రేడియో ముందు మేం నోరు తెరిచేశాం. ఫ్రాన్సు పిల్ల ఈ ఏడు పోటీలో పాడుతోందట. అయితే ఫ్రాన్సుకు కాదట. ఫ్రాన్సు పక్కనే ఉన్న ఒక బుల్లి దేశానికి పాడుతోందట. బాపు, "మన ఊరోడు పక్కూరి దిక్కు పాడుడేంది? సిగ్గు లేదా?" అన్నాడు. అప్పుడు అవ్వ వక్క నములుతూ, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు మమ్మల్ని చూసింది. "పిల్లకు పెండ్లయింది. గా దేశమోళ్లకిచ్చిండ్రు" అంది.

అంతే, అందరికీ ఊపిరాడింది. నిజమే కదా, ఇంకేం కారణం ఉంటుంది? చాచా కూడా తల ఊపి, "అయ్యుంటది. లేకుంటే ఊరికెనే ఎందుకు పాడుతది?" అన్నాడు. గల్ఫ్ చూసొచ్చిన మనిషే ఒప్పుకున్నాక మాకింక అనుమానం లేదు. "అల్లుడు మంచోడేనా?" అని అవ్వ అడిగితే, "రేడియోల చెప్పలే అవ్వా" అన్నాడు. ఆ ఏడు ఆ బుల్లి దేశం మూడో స్థానంలో నిలిచింది. అవ్వ తృప్తిగా, "అత్తగారింట్ల పేరు నిలబెట్టింది" అంది. పండక్కు వచ్చిన అక్కతో ఈ మాట చెబితే ఆమె ముఖం వెలిగిపోయింది. "నేనూ అట్లనే నిలబెట్టిన గదా అవ్వా" అంది.

ఆ పిల్ల ఎక్కడెక్కడో పాడింది. జపాన్‌లో ఒక పోటీకి పోయి పతకం తెచ్చుకుందని చాచా చెప్పాడు. ఇంకో ఏడు ఆ బుల్లి దేశానికే పాడి అందరికన్నా అడుగున నిలిచింది. ఒక్క దేశం కూడా ఆమెకు గుప్పెడు మార్కులు వేయలేదట. అవ్వ, "ఇంట్ల ఏమో అయ్యింది. ఇంట్ల మంచిగ లేకుంటే గొంతు లేవది" అంది. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు నాకు ఎక్కువ రోజులు మిగల్లేదు.

ఎందుకంటే ఆ చలికాలంలో ఒకరోజు అక్క చేతి సంచి ఒక్కటే పట్టుకొని బస్సు దిగింది. బావ అప్పటికే రెండేళ్లుగా పాలమూరు కూలీలతో కలిసి బొంబాయికి పోయి వస్తున్నాడు. "జర నీరసంగున్నది, నాలుగు రోజులుండి పోత" అంది అక్క. ఆ నాలుగు రోజులు నెలయ్యాయి, నెల రెండయింది. మా ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది, చెబితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అక్క పొద్దంతా ఉన్ని వడికేది. పాట మాత్రం లేదు. నేను కావాలని ఫ్రాన్సు బాణీని తప్పుగా కూనిరాగం తీసినా, ఆమె తల ఎత్తి దిద్దలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ వారం గోడ మీద రేడియో పలికింది. ఫ్రాన్సు పిల్ల ఈసారి తన సొంత దేశానికి, ఫ్రాన్సుకే పాడబోతోందని చెప్పింది.

చాచా ఆ ముక్క తెలుగులో చెప్పి, చెప్పిన తర్వాత నాలుక కరుచుకున్నాడు. అవ్వ నొసలు కొట్టుకుంది. "అయ్యో బిడ్డా! తల్లిగారింటికి వచ్చేసింది" అంది. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మా అరుగు! ఆ పిల్ల ముఖం కూడా మేం చూడలేదు. అయినా మా ఇంట్లో చావు కబురు విన్నట్టయింది. ఎవరమూ అక్క వైపు చూడలేదు. అక్కే కదురు కింద పెట్టి, చాలా మెల్లగా అడిగింది.

"చాచా, ఆమెను ఆళ్ల నాయిన రానిచ్చిండా?"

బాపు గొంగడి సగం విప్పి, సగం భుజాన అట్లాగే ఉంచి నిలబడిపోయాడు. ఆ తర్వాత అక్కే చెప్పింది. బావ బొంబాయి నుంచి ఇంకో మనిషిని వెంట తెచ్చుకున్నాడట. ఆమె చంకలో బిడ్డ కూడా ఉందట. వచ్చిన రోజే, "దూరంకెల్లి వచ్చింది, అన్నం పెట్టు" అని అక్కతో వడ్డింపించాడట. రెండు ముక్కల్లో చెప్పి అక్క మళ్లీ కదురు తీసుకుంది. బావ ఎదురుగా ఉంటే బండబూతులు తిట్టి ఉండేదాన్ని. బాపు గొర్ల దొడ్డిలోకి పోయాడు. ఆ దొడ్డిలో అంతసేపు చేసే పనేమీ లేదు.

ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అదే అక్కను లోలోపల నలిపేసింది. బాపు భయం నాకు తెలుసు. ఆ భయానికి కారణం నేనే. చిన్నదాని పెండ్లి కావాలి, పెద్దది ఇంట్లో కూర్చుంటే ఎవరొస్తారు? జాతర దగ్గరికొస్తోంది. అక్క మా వరుసలో నిలబడితే తిరిగి పోవడం ఇంక ఉండదు. అత్తగారి వరుసలో నిలబడితే ఆ ఇంట్లో ఆ రెండో మనిషికి వడ్డిస్తూ బతకాలి. నిలబడకుండా ఉందామంటే అంత గొంతు ఉన్నదాన్ని ఎవరు ఊరుకోనిస్తారు? బాపు ఒక్క మాట కోసం అక్క ఎదురుచూస్తోంది. ఆయన గొర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడడం లేదు.

ఈలోపు ఫ్రాన్సు పిల్ల తన దేశానికి పాడింది. చాచా ఆ రోజు రేడియోను గోడ మీద పెట్టి, చెవులు చిల్లులు పడేంత పెంచాడు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. గెలవలేదు గానీ గెలుపు అంచుదాకా పోయిందట. "ఇంటిబిడ్డ వచ్చిందని ఆళ్ల దేశం మురిసిపోతాంది మామా" అని చాచా గోడవతలి నుంచి అరిచాడు. అది రేడియో చెప్పిందో, చాచా కలిపాడో నాకు తెలియదు. బాపు విననట్టే ఉన్నాడు.

జాతర ఇంకో వారం ఉందనగా అక్క మామ, వాళ్ల ఊరి పెద్దలు ఇద్దరు వచ్చారు. బెల్లం, కొబ్బరికాయలు, ఒక కొత్త చీర తెచ్చారు. చీర చూసి నాకు ఆశ పుట్టింది. తప్పు తెలుసుకొని వచ్చారనుకున్నాను. బాపు గొంగడి పరిచి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడగాల్సింది అడిగాడు.

"ఆ మనిషి ఇంట్లనే ఉన్నదా?"

"ఉంటది, యాడికి పోతది?" అన్నాడు అక్క మామ. "ఇద్దరుంటే ఏమైతది బావా. లోకంల లేదా? గని జాతర దగ్గరికొచ్చె. మా దిక్కు పాట ఎత్తెటోళ్లు లేరు. పిల్లను తోలియ్యి, పోయినేడు లెక్క గెలువాలె."

నేను తలుపు చాటున నిలబడి విన్నాను. విన్నది నిజమేనా అని అవ్వ ముఖం చూశాను. అవ్వ నోరు తెరుచుకొని ఉంది, వక్క కింద పడింది. వాళ్లు మనిషి కోసం రాలేదు. బోనం ముందు నడవాలి, అందుకు గొంతు కావాలి, ఆ గొంతు అరువు తీసుకుపోవడానికి వచ్చారు. ఇంత నిర్మొహమాటంగా మనిషి మనిషిని అడగగలడని నాకు అంతవరకు తెలియదు. లోపల అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు బాపు అన్న మాట మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఫ్రాన్సు అంతటి దేశం. ఆళ్ల బిడ్డ అత్తగారింట్ల ఉండలేక మళ్లొస్తే, తలొంచుకోలే. నిలబెట్టి, పాడిపిచ్చి, చప్పట్లు కొట్టిండ్రు. గొర్లు కాసుకునేటోన్ని, నాకేం పరువు పోతది? నా బిడ్డ నా ఇంట్ల ఉంటది. నా ఊరికే పాడుతది."

వచ్చినవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఒక పెద్దమనిషి అయోమయంగా, "ఫ్రాన్సోళ్లు ఎవలు? ఏ దిక్కు ఊరు?" అని అడిగాడు. గోడ అవతలి నుంచి చాచా, "శానా పెద్దోళ్లు!" అని అరిచాడు. చీర, బెల్లం, కొబ్బరికాయలు వచ్చిన దారినే పోయాయి.

ఆ జాతరలో అక్క మా వరుసలో, నా పక్కన వచ్చి నిలబడింది. డప్పు కొట్టేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగారు. ఆమె ఒక్కసారి చుట్టూ చూసి, ఫ్రాన్సు బాణీలో ప్రశ్న ఎత్తుకుంది. ఎదుటి వరుసలో ఉన్న అత్తగారి ఊరివాళ్లకు ఆ బాణీ ఏ మూల నుంచి పట్టుకోవాలో తెలియలేదు. ఓడిపోయామని వాళ్లు ఒప్పుకోలేదు. "గిది మన దిక్కు బాణీ కాదు, చెల్లది" అని గొడవకు దిగారు. పెద్దలు వాళ్ల మాటే విన్నారు. మేం ఓడాం, వాళ్ల బోనం ముందు పోయింది. నేను పెద్దల మీదికి ఎగబడబోతే అక్క నా జడ పట్టి ఆపింది. "పోనియ్యే. చూసిండ్రు గదా" అంది. చూశారు. ఆ తర్వాత తెగతెంపులకు ఎవరూ పెద్దగా మాట్లాడింది లేదు.

కొన్నేళ్లు గడిచాయి. నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఊళ్లోకి రంగుల టీవీలు వచ్చాయి. చాచా మాత్రం ఆ పెట్టెను వదల్లేదు. అక్క ఇంట్లోనే ఉంది, వడుకుతోంది, ఏటా మా వరుసలో పాడుతోంది. ఊరి ఆడవాళ్లకు కొత్త పాటలు కట్టిస్తోంది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె ముఖం కాస్త నిండుగా కనిపించేది. నాకు అది చాలనిపించేది.

అవ్వకు మాత్రం చాల్లేదు. ఎందుకంటే ఫ్రాన్సు పిల్ల మళ్లీ పోటీకి వచ్చింది, ఈసారి మూడో దేశానికి. విన్న వెంటనే అవ్వ చేతులు జోడించింది. "మారుమనువు చేసుకున్నది. మంచి పని చేసింది" అంది. మాలో మారుమనువు తప్పు కాదు. బాపు కూడా ఈసారి వెనకా ముందూ చూడలేదు. యాదగిరిగుట్ట వైపు ఒక సంబంధం చూశాడు. పెండ్లాం పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు, యాభై గొర్లు. అక్క ముఖంలో నాకు ఇష్టం కనబడలేదు. "నీకు ఇష్టమేనా?" అని గట్టిగా అడిగితే, "ఆమె చేసుకున్నది గదనే. అట్లనే ఉంటదేమో బతుకు" అంది. ఆ ఫ్రాన్సు పిల్ల తన తోబుట్టువే అయినట్టు చెప్పింది. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

రేపు వాళ్లు చూడటానికి వస్తారనగా ఆ సాయంత్రం చాచా గోడ మీంచి పిలిచాడు. ఫ్రాన్సు పిల్లతో ముచ్చట వస్తోందట. ఇన్నేళ్లుగా పాట తప్ప ఆమె మాట మేం వినలేదు. అందరం గోడ దగ్గర చేరాం. ఆమె తన భాషలో మాట్లాడుతోంది, దాని మీద ఉర్దూ, దాని మీద చాచా తెలుగు.

"మూడు దేశాలకు ఎట్ల పాడినవని అడుగుతున్నడు," అన్నాడు చాచా. "పిలిచిండ్రట, పోయిందట. ఆళ్ల దగ్గర పాట ఉన్నదట, పాడెటోళ్లు లేరట."

"అల్లుండ్ల సంగతి అడుగుమను," అంది అవ్వ.

చాచా చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చెవి పెట్టెకు ఆనించాడు. ఆయన ముఖం రంగు మారడం నేను చూశాను.

"పెండ్లి చేసుకోలేదంట," అన్నాడు.

"ఏ దేశపోన్ని?" అని బాపు అడిగాడు.

"ఏ దేశపోన్నీ. అసలే చేసుకోలేదంట మామా. ఎన్నడూ."

రేడియో ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మేమెవరం వినలేదు. ఆమెకు మా అరుగు మీద పెండ్లి చేశాం. కాపురం చెడగొట్టాం. తల్లిగారింటికి రప్పించి ఏడ్చాం. మళ్లీ పెండ్లి చేసి దండం పెట్టాం. జరగని కాపురాన్ని సాక్ష్యం పెట్టి బాపు పెద్దల ముందు మా అక్కను దక్కించుకున్నాడు. అదే జరగని పెండ్లిని చూపించి రేపు ఆమెను ఇంకొకడికి ఇవ్వబోతున్నాడు. చాచా తలవంచుకొని, "నాకెట్ల తెల్వాలె? మీరందరు అన్నరు, నేను గూడ అన్న" అని గొణిగాడు. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "అబద్ధం. దాస్తాంది పాపం. గింత మంది ముంగట ఏ ఆడది చెప్పుకుంటది?" అంది.

అక్క ఒక్కతే గోడ పట్టుకొని నిలబడి ఉంది. కొత్త మనిషి ఇంటికొస్తే చూసినట్టు ఆ పెట్టె వంక చూస్తోంది.

"అంటే ఊరికెనే పాడొచ్చునా చాచా?" అంది. "ఎవలింటికి పోకుంట? ఎవలకు పొయ్యి ముట్టియ్యకుంట?"

అక్క బాపు వైపు తిరిగింది. "రేపు ఆళ్లను రావద్దను బాపూ" అంది. బాపు ఒక్కసారిగా మండిపడ్డాడు. నలుగురిలో అల్లరిపాలైనవాడి కోపం అది. "యాడనో ఫ్రాన్సుల ఎవతో చెప్పిందని మనిల్లు నడుస్తదా?" అని అరిచాడు. నేను ఊరుకోలేకపోయాను. "నిన్నటిదాంక ఆమెను చూసే గదా నడిపినవ్!" అన్నాను. చెయ్యెత్తాడు. ఆ చెయ్యి నా దాకా రాలేదు. అవ్వ నడుమ నిలబడలేదు, చాచా ఆపలేదు, ఆయనే దించేశాడు. తెల్లారి మొదటి బస్సుకు గుట్ట వైపు తనే పోయి, వాళ్లకు రావద్దని చెప్పి వచ్చాడు. ఏం కారణం చెప్పాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ ఏడు జాతరలో మాకు ఏ చుట్టరికమూ లేని ఊరి ఆడవాళ్లు మా అరుగు ముందుకొచ్చారు. పాట ఎత్తే ముసలామెకు గొంతు పోయిందట. వరుసలో నిలబడడానికి మనుషులున్నారు, పాట ఎత్తేవాళ్లే లేరట. అడగడానికి వాళ్లకే సిగ్గుగా ఉంది, ఎందుకంటే అట్లా అడగడం మా దగ్గర లేదు. అక్క బాపును అడగలేదు. కొంగు నడుముకు దోపుకొని వాళ్లతో నడిచింది.

ఆమెను ఆ వరుసలో చూసి జాతర మొత్తం కట్టెల్లా బిగుసుకుపోయింది. మా ఊరి వరుసలో నేను నోరు తెరిచి నిలబడ్డాను. గుసగుసలు ఈ కొస నుంచి ఆ కొసకు పోయాయి. ఎవరో పెద్దమనిషి బాపు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "బిడ్డకు మారుమనువు చేసినవా? ఆ ఊరికిచ్చినవా? మాకు చెప్పనే లేదు గదా" అన్నాడు.

బాపు అక్క వైపు చూశాడు. ఆమె అప్పుడే పాట ఎత్తుకుంటోంది.

"ఎవలకీయలే," అన్నాడు బాపు. "పాడుతాంది. ఇనుండ్రి."